డబ్బా కొన్నారు సరే... రెండో కాపీ ఏదీ?

పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లి ‘‘నాస్ బాక్స్ కావాలి’’ అంటే కౌంటరు అవతలి నుంచి వచ్చే మొదటి మాట ‘‘ఎన్ని టీబీ సార్?’’ అనే. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరు పలికేవాళ్లు తక్కువే గానీ, ప్యారడైజ్ మెట్రో దిగి ఆ భవనంలో ర్యామ్ కోసమో కీబోర్డు కోసమో అంతస్తులు ఎక్కిదిగినవాళ్లు సికింద్రాబాద్‌లో వీధికి పదిమంది దొరుకుతారు. అమ్మేవాడి తప్పేమీ లేదు. టీబీల లెక్కన అమ్ముతాడు కాబట్టి టీబీల లెక్కే అడుగుతాడు. కొనేవాళ్లు తమకు తాము వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ డబ్బా ఎవరెవరు వాడతారు? ఆఫీసు కాలిపోతే దానిలో ఉన్నవి ఇంకెక్కడ దొరుకుతాయి? పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఊళ్లో లేకపోతే తెరిచేదెవరు?

నాస్ అంటే నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్. ఒక జానెడు ఎత్తు పెట్టె. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులు, ఒక చిన్న ప్రాసెసరు, కాస్త మెమరీ. వెనక నెట్‌వర్క్ కేబులు, కరెంటు తీగ. తెర ఉండదు, కీబోర్డు ఉండదు. యూఎస్‌బీ డిస్కు ఒక కంప్యూటరుకు తగులుకుని దానికే పనికొస్తుంది. ఇది రూటరుకు తగులుకుని ఇంట్లో ఉన్న అందరికీ, ఆఫీసులో ఉన్న అన్ని సిస్టమ్స్‌కీ పనికొస్తుంది. ఫోన్లకు కూడా. నిన్నమొన్నటి దాకా ఆఫీసుల్లోనే కనిపించిన ఈ పెట్టె ఇప్పుడు మారేడ్‌పల్లి, సైనిక్‌పురి ఇళ్లలోకి రావడానికి ఒక కారణం గూగుల్. 2021 జూన్ 1 నుంచి ఫొటోలు కూడా ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకు రావడం మొదలైంది. అప్పటిదాకా మనవరాలి బారసాల నుంచి గృహప్రవేశం దాకా అన్నీ ‘క్లౌడ్‌లో ఉన్నాయిలే’ అనుకున్న కుటుంబాలకు ‘స్టోరేజ్ నిండింది’ అన్న ఎర్ర గీత కనబడింది.

ముందే ఒక మాట చెప్పుకుంటే తర్వాత చిక్కుండదు. నాస్ అనేది ‘ఫైలు ఎక్కడుంది?’ అన్న ప్రశ్నకు జవాబు. ‘ఫైలు భద్రమేనా?’ అన్న ప్రశ్నకు అదొక్కటే జవాబు కాదు. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి కొనడం వల్లే తర్వాత కన్నీళ్లు.

ఒక ఖాతా, వంద కౌంటర్లు

నిజానికి ఒకచోట దాచి, అందరూ అక్కడి నుంచే వాడుకోవడం సికింద్రాబాద్‌కు కొత్త సంగతి కాదు. రైలు బెర్తుల లెక్క ఒకప్పుడు లావుపాటి రిజిస్టర్లలో ఉండేది. ఏ బండి రిజిస్టరు ఏ కౌంటరులో ఉందో ఆ క్యూలోనే నిలబడాలి. 1985-86లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత రైల్వే సమాచార వ్యవస్థల సంస్థ క్రిస్ తయారుచేసిన ‘కాన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేరును దేశంలో మొట్టమొదట అమల్లో పెట్టింది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ 1999 ఏప్రిల్ నాటికి ఒక్క నెట్‌వర్కులోకి వచ్చాయి. సికింద్రాబాద్ కౌంటరులో నిలబడి హౌరా నుంచి వచ్చే తిరుగు ప్రయాణానికి కూడా బెర్తు తీసుకునే వీలు అలా వచ్చింది. అక్కడ ముఖ్యమైనది యంత్రం కాదు. బెర్తు ఖాతా ఒక్కటే ఉండటం, దాన్ని ఎన్ని కౌంటర్లయినా చూడగలగడం, ఇద్దరు గుమాస్తాలు ఒకే బెర్తును ఒకేసారి రాయలేకపోవడం.

ఇంట్లో పెట్టుకునే నాస్ చేసే పని ఇదే, చిన్న ఎత్తున. దూరంగా ఉన్న డిస్కును పక్కనే ఉన్నట్టు వాడుకునే ఏర్పాటును సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ పేరుతో తెచ్చింది. విండోస్ కంప్యూటర్లు ఎస్‌ఎంబీ అనే మరో పద్ధతిలో మాట్లాడుకునేవి. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ విద్యార్థి ఆండ్రూ ట్రిడ్జెల్ ఆ మాటల తీరును బయటి నుంచి గమనించి, అదే భాష మాట్లాడే ఉచిత సాఫ్ట్‌వేరు రాశాడు. 1992 నుంచి జనంలోకి వెళ్లి, సాంబా అని పేరుపడ్డ ఆ సాఫ్ట్‌వేరే ఇవాళ మీ మేజా మీది పెట్టెల్లో చాలావాటికి ప్రాణం. లోపల లైనక్స్, దానిపైన సాంబా, దానికి ముందు, మన కంప్యూటరులో కనిపించేలా పెట్టె తయారుచేసిన కంపెనీ గీసిన అందమైన తెర. తైవాన్ కంపెనీలు సైనాలజీ, క్యూనాప్ అమ్మేది ప్రధానంగా ఆ మూడో పొరనే. అది తక్కువ పనేమీ కాదు. లైనక్స్ జోలికి పోకుండా ఫొటోలు దాచుకోగలుగుతున్నామంటే ఆ తెర పుణ్యమే. ఓపికుంటే మూలన పడ్డ పాత సిస్టమ్‌లో ట్రూనాస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించుకుని కూడా ఇదంతా చేయొచ్చు. అది రాత్రిళ్లు నిద్ర మానుకునే సరదా ఉన్నవాళ్ల పని.

‘ఇదే ఫైనల్’

ఎస్.డి. రోడ్డులో ఒక ఆడిటర్ ఆఫీసు అనుకోండి. ఆరుగురు పనిచేస్తారు. సెప్టెంబరు నెలాఖరు, ట్యాక్స్ ఆడిట్ గడువు. ఒక క్లయింటు బ్యాలెన్స్ షీటు ‘ఫైనల్’ అని ఒకరి సిస్టమ్‌లో, ‘ఫైనల్ 2’ అని ఇంకొకరి దాంట్లో, ‘ఫైనల్ లాస్ట్’ అని పెన్‌డ్రైవ్‌లో, ‘ఇదే ఫైనల్’ అని వాట్సాప్‌లో. ‘‘అన్నా, సార్ సంతకం పెట్టింది దేనిమీద?’’ అని ఆర్టికల్స్ కుర్రాడు అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఇలాంటి చోట నాస్ మొదటి వారంలోనే తన ఖర్చు రాబట్టుకుంటుంది. క్లయింటుకో ఫోల్డరు, ఎవరికి ఏది కనపడాలో అంతే కనపడటం, ఒకరు తెరిచిన ఫైలు ఇంకొకరికి చదవడానికి మాత్రమే రావడం, పొరపాటున చెడగొడితే మొన్నటి రూపాన్ని వెనక్కి తెచ్చుకోవడం.

ఆ చివరి సదుపాయాన్ని స్నాప్‌షాట్ అంటారు. గంటకోసారో రోజుకోసారో పెట్టె తన పరిస్థితిని గుర్తుపెట్టుకుంటుంది. మారినవాటికి మాత్రమే జాగా ఖర్చవుతుంది కాబట్టి పెద్ద భారం కాదు. నన్నడిగితే టీబీల కన్నా ముందు అడగాల్సింది ‘దీంట్లో స్నాప్‌షాట్ ఉందా?’ అని. కొన్ని కంపెనీల అగ్గువ మోడళ్లలో ఉండదు.

చట్టం కూడా ఒకటి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాల పాటు ఉంచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచితే వాటి బ్యాకప్ మన దేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలి. 2022 ఆగస్టులో ఆ నియమాన్ని సవరించి, బ్యాకప్ ప్రతిరోజూ తీయాలన్నారు. జీఎస్టీ లెక్కలకైతే వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. ప్రైవేట్ లిమిటెడ్ అని బోర్డు పెట్టుకుని, ట్యాలీ బ్యాకప్‌ను ఏడాదికోసారి పెన్‌డ్రైవ్‌లో తీసి బీరువాలో పడేసే రాణిగంజ్ కొట్లు ఈ మాట వినడం మంచిది. ట్యాలీ సంగతే వచ్చింది కాబట్టి ఇంకొకటి: లెక్కల సాఫ్ట్‌వేరు డేటాను వైఫై మీద నేరుగా నాస్‌లో నడపకండి. రాస్తుండగా సిగ్నల్ తెగితే ఆ ఫైలు పాడవుతుంది. డేటా కంప్యూటరులో ఉంచి, రాత్రి పూట దానంతటదే నాస్‌లోకి కాపీ అయ్యేలా పెట్టుకోవడం మేలు.

ఇక పెళ్లి వీడియోల వాళ్లు. నాలుగు కెమెరాలు, డ్రోను, సంగీత్ నుంచి అప్పగింతల దాకా ఒక్క పెళ్లికి 500 జీబీ అవలీలగా అవుతుంది. ఈ మొత్తాన్ని 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీద క్లౌడ్‌కు ఎక్కించాలంటే, లైను ఎక్కడా తగ్గకపోయినా, 11 గంటలు. గిగాబిట్ కేబులు మీద పక్క గదిలోని నాస్‌కు సెకనుకు 110 ఎంబీ చొప్పున గంటా పావులో చేరుతుంది. ఎడిటింగ్ చేసేవాడు ఒక సిస్టమ్ మీద, ఆల్బమ్ చేసేవాడు ఇంకో సిస్టమ్ మీద ఒకే పెళ్లిని తెరుచుకోవచ్చు. అయితే ఇక్కడే ఒక మెలిక. నాస్ కొత్తది కొని, దాన్ని ఎప్పటిదో 100 ఎంబీపీఎస్ స్విచ్‌కు తగిలించే ఆఫీసులు తక్కువేమీ కావు. అప్పుడు వచ్చే వేగం సెకనుకు 12 ఎంబీ. గంటా పావు పని మళ్లీ 11 గంటల పని అవుతుంది, పేరు మాత్రం నాస్‌కు చెడ్డది వస్తుంది. పెట్టె కన్నా ముందు స్విచ్చి, కేబుల్ మార్చండి.

ఎవరికి అక్కర్లేదో కూడా చెప్పాలి. ఒక్కరే ఉండి, ఒకే ల్యాప్‌టాప్ వాడుతూ, ఫొటోలు 200 జీబీకి మించని ఇంటికి నాస్ దండగ. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు, కొద్దిగా క్లౌడ్ చందా చాలు. నలుగురి ఫోన్లు, ఇద్దరి ల్యాప్‌టాప్‌లు, నాన్నగారు స్కాన్ చేయించిన దస్తావేజులు, తాతగారి హెచ్చెమ్వీ రికార్డుల నుంచి దింపుకున్న పాటలు అన్నీ ఉన్న ఇంటికి మాత్రం అర్థముంది.

అద్దం సంగతి

ఇప్పుడు అసలు కిటుకు. రెండు డిస్కుల పెట్టె కొన్నవాళ్లలో ఎక్కువమంది వాడేది రెయిడ్ 1. ఒక డిస్కు మీద రాసిందల్లా రెండో దాని మీద కూడా అదే క్షణంలో రాయడం. 4 టీబీవి రెండు పెడితే దక్కేది 4 టీబీయే. నాలుగు డిస్కులతో రెయిడ్ 5 అయితే 12 టీబీ దక్కి, ఏ ఒక్క డిస్కు పోయినా పని ఆగదు. 1988లో బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పరిశోధన పత్రం ఈ ఆలోచనకు పేరుపెట్టింది. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కుకు బదులు చవకవి కొన్ని కలిపి వాడదామన్నది వాళ్ల వాదన. డిస్కు పోవడమన్నది ‘జరిగితే’ అనుకునే సంగతి కాదు, ‘ఎప్పుడు’ అనుకోవాల్సిన సంగతి. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా క్లౌడ్ కంపెనీ తన దగ్గరున్న లక్షల డిస్కుల లెక్క ఏటా బయటపెడుతుంది. 2024లో వాటిలో 1.57 శాతం చెడిపోయాయి. అదీ ఏసీ గదుల్లో, కంటికి రెప్పలా చూసుకునే చోట.

అందుకని రెయిడ్ ఉండాల్సిందే. కానీ రెయిడ్ 1కు ‘మిర్రరింగ్’ అని ఊరికే పేరుపెట్టలేదు. మొహం మీద బొట్టు చెరిపేస్తే అద్దంలోనూ చెరిగిపోతుంది. ఫోల్డరు పొరపాటున డిలీట్ చేశారా, రెండు డిస్కుల్లోనూ పోయింది. వైరస్ ఫైళ్లకు తాళం వేసిందా, రెండింటికీ వేసింది. పెట్టెలో పవర్ సప్లై పేలి రెండు డిస్కులూ కలిసి పోవడమూ ఉంది. రెయిడ్ కాపాడేది డిస్కు చావు నుంచి మాత్రమే. మనిషి చేతి నుంచి, దొంగ నుంచి, నిప్పు నుంచి, నీళ్ల నుంచి అది కాపాడదు. ‘‘రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?’’ అనేవాళ్లకు డేటా రికవరీ వాళ్లు వేసే బిల్లే తగిన సమాధానం.

డిస్కుల కొనుగోలులో మరికొన్ని జాగ్రత్తలు. 4 టీబీ డిస్కు కొని పెడితే కంప్యూటరు 3.63 అని చూపిస్తుంది. మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తే విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. అసలు చూసుకోవాల్సినవి వేరే. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలోని కొన్ని నాస్ డిస్కులు ఎస్‌ఎంఆర్ అనే రకానివని ఒప్పుకోవాల్సి వచ్చింది. అందులో ట్రాకులు పెంకుల మాదిరి ఒకదానిపై ఒకటి పడతాయి. మామూలుగా బాగానే ఉన్నా, చెడిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి మొత్తం తిరగరాయాల్సి వచ్చినప్పుడు నత్తనడకన సాగి, కొన్నిసార్లు మధ్యలోనే చేతులెత్తేస్తుంది. ‘సీఎంఆర్ డిస్కు’ అని అడిగి తీసుకోండి. 2025 మొదట్లో ఐరోపాలో వాడేసిన సీగేట్ డిస్కులు కొత్తవన్న పేరుతో అమ్ముడైన సంగతి బయటపడింది. సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడటం, పెట్టాక అది అప్పటికే ఎన్ని గంటలు తిరిగిందో నాస్ తెర మీద చూడటం మరవొద్దు. రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే డబ్బాలోంచి తీసుకోకుండా రెండు కొట్లలో తీసుకునే చాదస్తులున్నారు. ఆ చాదస్తం మంచిదే. ఒకే కాన్పులో పుట్టినవి ఒకే కాలానికి చెడే అవకాశం ఉంది. సైనాలజీ 2025లో తన కొత్త ప్లస్ మోడళ్లలో తన ముద్ర ఉన్న డిస్కులే వాడాలని పట్టుబట్టి, కొనేవాళ్లు తిరగబడ్డాక అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తగ్గింది. కొనేముందు ఏ డిస్కులు పడతాయో జాబితా చూసుకోవడం అందుకే.

నిప్పుకూ నీళ్లకూ ఒకే గది

2023 మార్చి 16 సాయంత్రం ఎస్.డి. రోడ్డులోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచాయి. పొగలో చిక్కుకుని ఆరుగురు చనిపోయారు, జిల్లాల నుంచి ఉద్యోగాలకొచ్చిన పాతికేళ్ల లోపు పిల్లలు. ఆ ప్రాణాల ముందు ఫైళ్ల ఊసెత్తడం కూడా సిగ్గుగా ఉంటుంది. అదే ఏడాది జనవరిలో మినిస్టర్ రోడ్డులో తగలబడిన భవనాన్ని చివరికి కూల్చేయాల్సి వచ్చింది. సికింద్రాబాద్‌లో వందలాది చిన్న ఆఫీసులు ఇలాంటి పాత కాంప్లెక్సుల్లోనే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదానికి ఏం జరిగినా, నిప్పంటుకోని గదుల వాళ్లను కూడా లోపలికి వెంటనే రానివ్వరు. సర్వర్, నాస్, దాని బ్యాకప్ డిస్కు అన్నీ ఒకే బీరువాలో పెట్టుకున్న ఆఫీసుకు అప్పుడేం మిగులుతుంది?

నీటి లెక్కా తక్కువేం కాదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వరదకే బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం నేలమాళిగ మునిగి, అబ్దుస్ సమద్ ఖాన్ ఏళ్ల తరబడి కూడబెట్టిన అరుదైన ఉర్దూ పుస్తకాల్లో ఎన్నో తడిసి ముద్దయ్యాయి. తర్వాత వాటిని ఆరబెట్టి బాగుచేయడానికి పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. కాగితం తడిస్తే ఆరబెట్టుకోవచ్చు. డిస్కు బురదలో మునిగితే ఆ అవకాశమూ అంతంత మాత్రమే.

పెద్ద సంస్థలు దీన్నెలా చూస్తాయో తెలుసుకోవడానికి ఊరు దాటక్కర్లేదు. రైల్వేల నెట్‌వర్క్ సంస్థ రైల్‌టెల్‌కు రెండు డేటా కేంద్రాలున్నాయి. ఒకటి గురుగ్రామ్‌లో, రెండోది సికింద్రాబాద్‌లో. మధ్య దూరం వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. అక్కడి భూకంపం ఇక్కడికి రాదు, ఇక్కడి వరద అక్కడికి పోదు. ఇంటికీ చిన్న ఆఫీసుకీ ఇదే పద్ధతిని కుదించి చెప్పినవాడు పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్. ప్రతి ఫైలుకూ మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట. దీనికి ‘3-2-1’ అని పేరు స్థిరపడింది. అసలు ఫైలు కంప్యూటరులో, రెండోది నాస్‌లో, మూడోది వేరే చోట క్లౌడ్‌లోనో డిస్కులోనో. అమ్మకాల కరపత్రాలన్నీ రెండో దాని గురించే మాట్లాడతాయి. మిమ్మల్ని నిలబెట్టేది మూడోది.

పుస్తకాల లోకం నుంచి ఒక తెలుగు ఉదాహరణ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో నడిచిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో మన దేశపు భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దానికి ఒక పట్టుగొమ్మ. బయట దొరకని తెలుగు పుస్తకాలు వేలల్లో అందులోకి ఎక్కాయి. కాపీరైటు చిక్కులతో 2017 ప్రాంతానికి ఆ సైటు జనానికి అందకుండా పోయింది. ఆలోగానే కార్ల్ మాలముద్ అనే అమెరికన్ అందులోని నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చాడు. ఇవాళ వందేళ్ల నాటి పత్రికో ప్రబంధమో మీ ఫోన్లో తెరుచుకుంటోందంటే చాలావరకు ఆ రెండో కాపీ చలవే. హక్కుల విషయంలో ఆయన తీరుపై అభ్యంతరాలున్నవాళ్లు ఉన్నారు, ఆ వాదన వేరు. కాపీల లెక్కలో మాత్రం ఆయనదే గెలుపు.

తలుపు తీసిపెట్టకండి

బయటి నుంచి కూడా ఇంట్లో ఫొటోలు చూసుకోవచ్చన్నది నాస్‌కు పెద్ద ఆకర్షణ. ప్రమాదం వచ్చేదీ ఆ దారినే. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వైరస్, కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పాత రూపంలోని లోపం గుండానే ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెలున్న వాళ్లు ప్రపంచం నలుమూలలా ఉదయం లేచి చూసుకుంటే, లోపల ఏమీ లేదు. ఎవరో దూరం నుంచే తుడిచేశారు. ఆ మోడల్‌కు 2015 నుంచే కొత్త అప్‌డేట్లు ఆగిపోయాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ ముఠా క్యూనాప్ పెట్టెల్లోని ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 0.03 బిట్‌కాయిన్ కట్టమంది. దెబ్బతిన్నవి ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచిపెట్టినవే.

చేయాల్సింది మరీ కష్టమేం కాదు. రూటరులో పోర్టులు తెరిచి నాస్‌ను బయట పెట్టొద్దు. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ పద్ధతిలో రండి. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వవు కాబట్టి, ఆ అడ్డంకిని కూడా దాటించే టెయిల్‌స్కేల్ లాంటివి ఇందుకు బాగా పనికొస్తాయి. ‘అడ్మిన్’ అన్న పేరుతో ఉన్న ఖాతా మూసేసి వేరే పేరుతో తెరవండి. రెండంచెల లాగిన్ పెట్టండి. అప్‌డేట్లు దానంతటదే వేసుకునేలా వదిలేయండి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పెట్టె ఎంత బాగా తిరుగుతున్నా దాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించండి.

ఎండ, కరెంటు గురించి రెండు మాటలు. చాలా నాస్ పెట్టెలను 0 నుంచి 40 డిగ్రీల గది వేడికే తయారుచేస్తారు. మే నెల మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో పైఅంతస్తు స్టోర్ రూమ్ ఆ గీత దాటుతుంది. అటక మీద, టీవీ వెనక మూసిన అరలో పెట్టకండి. రెండు డిస్కుల పెట్టె సుమారు 20 వాట్లు తాగుతుందనుకుంటే నెలకు 14 యూనిట్ల చిల్లర, భయపడాల్సిందేమీ లేదు. భయపడాల్సింది రాస్తుండగా కరెంటు పోవడానికి. చిన్న యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ తీగ నాస్‌కు తగిలిస్తే, బ్యాటరీ అయిపోయేలోపు పెట్టె తనే మర్యాదగా ఆగిపోతుంది. ఈ తీగ తగిలించని యూపీఎస్‌లు ఎన్నో.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇళ్లలో ఈ పెట్టెలను పెట్టేది ఎక్కువగా కొడుకులు, అల్లుళ్లు. సెలవుల్లో వచ్చి, అంతా అమర్చి, ‘‘నాన్నా, ఇక ఫొటోలన్నీ ఇందులోకే పోతాయి’’ అని చెప్పి డాలస్ విమానం ఎక్కేస్తారు. ఆర్నెల్లకు పెట్టె బీప్ బీప్ మంటుంది. డిస్కు పోయిందని దాని భాషలో చెబుతోంది. ఆ గోల భరించలేక నాన్నగారు స్విచ్ కట్టేస్తారు. ఆయన తప్పు లేదు. ఆ మోతకు అర్థం ఆయనకెవరూ చెప్పలేదు. హెచ్చరిక మెయిళ్లు వెళ్లాల్సింది అమెరికాలో ఉన్న కొడుక్కి, పక్కవీధిలో ఉన్న మేనల్లుడికి కూడా. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు బ్యాంకు లాకరులో పెట్టండి. ఇంట్లో కంప్యూటర్లు చూసుకునే ఆ ఒక్క మనిషీ ఉన్నట్టుండి లేకుండా పోతే, ఇరవై ఏళ్ల ఫొటోలు ఎదురుగా పెట్టెలో ఉండి కూడా ఎవరికీ అందవు. డిస్కుల్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మరీను.

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి, ప్రవాస కుటుంబాలకు ఒక సులువు ఉంది. మారేడ్‌పల్లి ఇంట్లో ఒక నాస్, డాలస్ ఇంట్లో ఇంకొకటి పెట్టి, రాత్రిపూట ఒకదాని బ్యాకప్ రెండోదానిలోకి పంపుకోవడం. మొదటిసారి మొత్తం కాపీ ఇక్కడే ఒకే గదిలో పక్కపక్కన పెట్టి చేసుకుని తీసుకెళితే, తర్వాత రోజూ వెళ్లేది మారినవే. ఏ క్లౌడ్ కంపెనీకీ చందా కట్టక్కర్లేదు. వేరే ఖండంలో మూడో కాపీ దొరుకుతుంది. పిల్లలు ఊళ్లోనే ఉన్నవాళ్లకు అల్వాల్‌లో ఒకటి, అత్తాపూర్‌లో ఒకటి అయినా పనికొస్తుంది. నాకైతే ఈ పెట్టె వల్ల ఇళ్లకు కలిగే మేళ్లలో ఇదే మెరుగైనదనిపిస్తుంది. కంపెనీకి నచ్చకపోతే మూతపడే క్లౌడ్ ఖాతా కాదు, రక్తసంబంధం ఉన్న చోట ఉన్న కాపీ.

ఆఫీసులైతే ఇంత ఖర్చు కూడా వద్దు. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. శుక్రవారం ఒకటి నాస్‌కు తగిలించి బ్యాకప్ తీసి, యజమాని ఇంటికి పంపండి. వచ్చే శుక్రవారం రెండోది. తగిలించి లేని డిస్కును ఏ వైరసూ ముట్టుకోలేదు. ఆ పని ఎవరిదో ఒక మనిషి పేరు పెట్టి అప్పగించండి. అందరి పనీ అంటే ఎవరి పనీ కాదని ఆఫీసు నడిపినవాళ్లకు వేరే చెప్పాలా?

ఏ ఆదివారమో కాస్త తీరిక చూసుకుని ఒక పని చేయండి. రెండేళ్ల కిందటి ఫైలు ఏదో ఒకటి, ఫొటో అయినా పర్వాలేదు, అది మీ బ్యాకప్‌లో ఉందనుకుంటున్నారు కదా, అసలు కంప్యూటరు జోలికి పోకుండా ఆ బ్యాకప్ నుంచే వేరే సిస్టమ్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకుంటే మీకు బ్యాకప్ ఉన్నట్టు. తెరుచుకోకపోయినా, ఎక్కడుందో దొరక్కపోయినా, సోమవారం మీరు మొదట కొనాల్సింది నాస్ కాదు, ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు.